గడువు దాటిన లైసెన్సు, బీరువాలో షాట్‌గన్: బ్రిటన్‌లో సెక్షన్ 7 పర్మిట్ ఇచ్చేదేమిటి, ఇవ్వనిదేమిటి

ఆగస్టు చివర్లో ఒక శనివారం. ఇంగ్లండ్‌లో మేం వెళ్లే క్లే షూటింగ్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను కాల్చే ఆట) మైదానం దగ్గర మా అన్న కారు డిక్కీ తెరిచి నిలబడ్డాడు. సొంతన్న కాదు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి, ఇక్కడి తెలుగువాళ్లందరికీ అన్నే. తుపాకీ సంచి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చాడు. పైన పోలీసు విభాగం పేరు, మధ్యలో రెండు తుపాకుల వివరాలు, సీరియల్ నంబర్లు, కింద ఒక గడువు తేదీ.

"తమ్ముడూ, ఇది ఉంటే తుపాకులు ఇంట్లో పెట్టుకోవచ్చన్నారు. మరి కాల్చొచ్చా?" అని అడిగాడు.

రెన్యువల్ కోసం దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసే షాట్‌గన్ యజమానులు బ్రిటన్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరి చేతికి ఈ కాగితం, అంటే పోలీసులిచ్చే తాత్కాలిక పర్మిట్, వస్తుంది. దాన్ని అందరూ ‘సెక్షన్ 7’ అనే పిలుస్తారు. కొందరు అది పాత లైసెన్సుకు పొడిగింపు అనుకుంటారు. ఇంకొందరు తుపాకీని బీరువాలో తాళం వేసి ఉంచడానికి మాత్రమే పనికొస్తుందని భయపడతారు. రెండూ సరైన అవగాహన కావు. ఎందుకు కావో తెలియాలంటే కాస్త మొదట్నుంచీ రావాలి.

ముందుగా, షాట్‌గన్ అంటే ఏది?

మన ఊళ్లలో డబుల్ బ్యారెల్ అనో, 12 బోర్ అనో పిలిచే తుపాకీ ఈ జాతిదే. గొట్టం లోపల రైఫిల్‌లో ఉండే మెలిక గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. ఒక్క తూటా బదులు చిన్న చిన్న గుళ్లు గుంపుగా వెళ్తాయి. బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం గొట్టం పొడవు 24 అంగుళాలకు తగ్గకూడదు. మ్యాగజైన్ (కార్ట్రిడ్జ్‌లు, అంటే గుళ్లు నింపిన తోటాలు, పెట్టే అర) ఉంటే అది ఊడదీయడానికి వీల్లేనిదై ఉండాలి, రెండు కార్ట్రిడ్జ్‌లకు మించి పట్టకూడదు. ఇంతకు మించి పట్టే తుపాకీ చూడ్డానికి షాట్‌గన్‌లా ఉన్నా, చట్టం దాన్ని రైఫిళ్ల సరసన, కఠినమైన నియమాల కింద పెడుతుంది.

మామూలు షాట్‌గన్ దగ్గర ఉంచుకోవాలంటే షాట్‌గన్ సర్టిఫికెట్ కావాలి. మనం లైసెన్సు అనేది దీన్నే. ఇచ్చేది స్థానిక పోలీసు చీఫ్, గడువు 5 ఏళ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి సర్టిఫికెట్లు సుమారు 5 లక్షలు ఉన్నాయి. స్కాట్లండ్‌లోనూ ఇదే చట్టం. నార్తర్న్ ఐర్లండ్‌ది వేరే చట్టం, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

సర్టిఫికెట్ లేకుండా షాట్‌గన్ ఉంటే అది నేరం. గరిష్ఠ శిక్ష 5 ఏళ్ల జైలు. గడువు దాటింది నిన్ననే కదా, మర్చిపోయాను కదా అన్నవి శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తాయేమో గానీ, నేరం జరగలేదనడానికి పనికిరావు. గడువు అయిపోయాక ఒక్కరోజు వెసులుబాటు కూడా చట్టంలో రాసి లేదు. టెన్షన్ అంతా ఇక్కడే పుడుతుంది.

8 వారాల పొడిగింపు: తేదీలతో ఒక లెక్క

వెసులుబాటు లేదన్నాను గానీ, ముందే జాగ్రత్తపడిన వాళ్లకు ఒకటుంది. 2017లో వచ్చిన పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం పాత చట్టంలో 28బీ అనే సెక్షన్ చేర్చింది. గడువుకు కనీసం 8 వారాల ముందు రెన్యువల్‌కు దరఖాస్తు చేసి ఉండి, గడువులోగా పోలీసులు ఏదీ తేల్చకపోతే, పాత సర్టిఫికెట్ దానంతటదే మరో 8 వారాల వరకు చెల్లుతుంది. ఈలోగా పోలీసుల నిర్ణయం వస్తే పొడిగింపు అక్కడితో ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సర్టిఫికెట్ గడువు 2025 జూన్ 30 అనుకోండి. దానికి 56 రోజులు వెనక్కి లెక్కపెడితే మే 5. ఏప్రిల్ 20న దరఖాస్తు పెట్టిన మనిషికి జూన్ 30 దాటినా భయం లేదు, ఆగస్టు 25 వరకు పాత సర్టిఫికెట్టే నడుస్తుంది. ఆ వ్యవధిలో అది పూర్తి స్థాయి సర్టిఫికెట్. కాల్చొచ్చు, కార్ట్రిడ్జ్‌లు కొనొచ్చు.

అదే మనిషి మే 20న దరఖాస్తు పెట్టి ఉంటే? గడువుకు ఇంకా 41 రోజులుంది, మామూలుగా చూస్తే తొందరగా పెట్టినట్టే. కానీ 56 రోజులు కాలేదు కాబట్టి పొడిగింపు ఒక్కరోజు కూడా రాదు. జులై 1 నుంచి అతని బీరువాలోని తుపాకీకి కాగితం లేదు.

ఏప్రిల్ 20న పెట్టిన మనిషి కూడా శాశ్వతంగా గట్టెక్కలేదు. పోలీసుల నిర్ణయం సెప్టెంబరు 20న వచ్చిందనుకుంటే, ఆగస్టు 25 తర్వాత దాదాపు నాలుగు వారాలు అతనూ కాగితం లేనివాడే. తన తప్పేమీ లేకుండానే. ఇక్కడ ఇంకో చిన్న సంగతి: ఆ ఏడాది మే 5, ఆగస్టు 25 రెండూ ఇంగ్లండ్‌లో బ్యాంక్ హాలిడేలు. చివరి రోజున ఫోన్ చేసి కనుక్కుందామనుకుంటే ఆఫీసులు మూసి ఉండే రోజులు.

మా అన్నది ఈ ఏప్రిల్ 20 మనిషి లాంటి కథే. దరఖాస్తు వేళకే పెట్టాడు. 8 వారాల పొడిగింపూ అయిపోయింది. అప్పుడొచ్చింది ఆ మడత కాగితం.

సెక్షన్ 7 పర్మిట్: పొడిగింపు కాదు, వేరే అనుమతి

1968 చట్టంలోని 7వ సెక్షన్ చాలా చిన్నది. తాను నివసించే ప్రాంతపు పోలీసు చీఫ్ నుంచి పర్మిట్ పొందిన వ్యక్తి, సర్టిఫికెట్ లేకపోయినా, ఆ పర్మిట్ షరతులకు లోబడి తుపాకీని, మందుగుండును తన దగ్గర ఉంచుకోవచ్చు. దాని సారం ఇంతే. పర్మిట్ కోసం అబద్ధం చెబితే నేరమని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

ఈ సెక్షన్ లైసెన్సు ఆలస్యాల కోసం పుట్టింది కాదు, తాత్కాలిక అవసరాలన్నిటికీ పనికొచ్చేలా రాసింది. తండ్రి చనిపోయాడు, బీరువాలో ఆయన తుపాకులు మిగిలాయి, కొడుక్కి సర్టిఫికెట్ లేదు. అవి అమ్మేదాకా, ఎవరికైనా బదిలీ చేసేదాకా కొడుకు నేరస్థుడు కాకుండా కాపాడేది ఇలాంటి పర్మిటే. రెన్యువల్ ఆలస్యానికి వాడటం కూడా ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. 8 వారాల ఆటోమేటిక్ పొడిగింపు తేవడం వెనకున్న ఉద్దేశాల్లో, పోలీసులు వరసబెట్టి ఈ పర్మిట్లు రాసే అవసరాన్ని తగ్గించడం ఒకటి.

పర్మిట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం పోలీసు చీఫ్ ఇష్టం. అడిగిన ప్రతివాళ్లకూ ఇచ్చి తీరాలని చట్టం అనలేదు. ఆలస్యానికి కారణం దరఖాస్తుదారుడే అయితే పర్మిట్ ఇవ్వబోమని ముందే చెప్పే పోలీసు విభాగాలున్నాయి. పై లెక్కలో మే 20న పెట్టిన మనిషి ఇలాంటి చోట ఇరుక్కుంటాడు. సర్టిఫికెట్ రెన్యువల్‌ను నిరాకరిస్తే ఇంగ్లండ్‌లో క్రౌన్ కోర్టుకు, స్కాట్లండ్‌లో షెరిఫ్ (అక్కడి జడ్జి) దగ్గరికి అప్పీలుకు వెళ్లే హక్కు ఉంది. సెక్షన్ 7 పర్మిట్ నిరాకరణ మాత్రం ఆ అప్పీళ్ల జాబితాలో లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు. తెలిసేది అవసరం పడ్డాకే.

ఉంచుకోవడమా, కాల్చడమా?

ఇప్పుడు అన్న అడిగిన ప్రశ్నకు వద్దాం. సర్టిఫికెట్ గురించి మాట్లాడేటప్పుడు చట్టం మూడు మాటలు వాడుతుంది: దగ్గర ఉంచుకోవడం, కొనడం, సంపాదించడం. సెక్షన్ 7లో మొదటి మాట ఒక్కటే ఉంది. కొనడం, సంపాదించడం లేవు. గందరగోళం మొత్తం ఈ లేని మాటల చుట్టూనే తిరుగుతోంది.

కాల్చడం సంగతి ముందు చూద్దాం. ఆ మూడు మాటల్లో కాల్చడం ఎక్కడా లేదు. అంటే పూర్తి సర్టిఫికెట్ ఉన్నవాడు కాల్చేది కూడా ‘దగ్గర ఉంచుకునే’ అనుమతి మీదే. తుపాకీ చట్టబద్ధంగా నీ దగ్గర ఉంది, కాల్చే చోట భూమి యజమాని అనుమతి ఉంది, మిగతా చట్టాలు మీరడం లేదు అంటే కాల్చడానికి విడిగా ఇంకో కాగితం అక్కర్లేదు. అదే తర్కం పర్మిట్‌కూ వర్తిస్తుంది. పర్మిట్ మీద వాడకాన్ని నిషేధించే షరతు లేకపోతే, కాల్చడం చట్టవిరుద్ధం కాదనే చెప్పాలి.

కానీ సెక్షన్ 7లోనే ‘షరతులకు లోబడి’ అని ఉందని మర్చిపోకూడదు. పోలీసు చీఫ్ ఆ కాగితం మీద తుపాకులు బీరువాలోనే ఉండాలి, వాడకూడదు అని రాయొచ్చు. చనిపోయినవాళ్ల తుపాకుల విషయంలో అలా రాయడం అర్థవంతం కూడా, ఎందుకంటే ఆ కొడుక్కి తుపాకీ పేల్చడం వచ్చో రాదో ఎవరికి తెలుసు? పదిహేనేళ్లుగా సర్టిఫికెట్ ఉన్న మనిషి రెన్యువల్ ఆలస్యమైతే అలాంటి షరతుకు అంత కారణం కనబడదు. అయినా రాసి ఉంటే రాసి ఉన్నట్టే. కాబట్టి ఇద్దరి చేతుల్లో సెక్షన్ 7 పర్మిట్ ఉన్నా, ఒకరు మైదానంలో కాల్చొచ్చు, ఇంకొకరు కాల్చకూడదు. పక్కవాడి పర్మిట్ చూసి మన పర్మిట్‌కు అర్థం చెప్పుకోలేం.

నేను అన్న కాగితం రెండు వైపులా తిప్పి చదివాను. తుపాకులు భద్రంగా దాచాలన్న షరతు ఉంది. వాడకం గురించి నిషేధం ఏదీ లేదు. ఆ రోజు అన్న యాభై క్లేలు కాల్చాడు.

కొనడం సంగతి దీనికి పూర్తిగా వేరు. పర్మిట్ మీద కొత్త తుపాకీ కొనలేరు, ఎవరైనా బహుమతిగా ఇచ్చినా తీసుకోలేరు. కాగితం మీద పేర్కొన్న తుపాకులకే అది కవచం. అన్న అప్పటికే ఒక డీలర్ దగ్గర పాత ఇటాలియన్ షాట్‌గన్ ఒకటి చూసి మాట్లాడుకుని ఉన్నాడు. అది డీలర్ షాపులోనే ఆగిపోయింది.

కార్ట్రిడ్జ్‌లది ఇంకో వింత. మామూలు షాట్‌గన్ కార్ట్రిడ్జ్‌లు ఇంట్లో ఉంచుకోవడానికి బ్రిటన్‌లో సర్టిఫికెట్టే అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం అమ్మేవాడికి సర్టిఫికెట్ చూపాలి, లేదా సర్టిఫికెట్ లేకుండానే షాట్‌గన్ ఉంచుకునే హక్కు తనకుందని చూపాలి. ఇది 1988 సవరణ చట్టంలోని నియమం. పర్మిట్ ఈ రెండో దారిలోకి వస్తుంది. అయినా కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు ఆ కాగితం ఎప్పుడూ చూసి ఉండకపోతే అమ్మనని అనొచ్చు. అమ్మి తీరాలన్న నియమం ఏదీ లేదు.

పర్మిట్ కూడా లేని రోజుల్లో

పొడిగింపు లేదు, పర్మిట్ రాలేదు. తుపాకీ ఎక్కడ ఉండాలి? ఇక్కడ మన తెలుగువాళ్లకు ముందు తట్టే ఆలోచన, "మా బావమరిది ఇంట్లో పెడితే పోలా" అని. పోదు. ‘దగ్గర ఉండటం’ అన్న మాటకు ఇంగ్లండ్ కోర్టులు చాలా విశాలమైన అర్థం చెప్పాయి. సల్లివన్ వర్సెస్ ఎర్ల్ ఆఫ్ కైత్‌నెస్ అనే 1976 నాటి తీర్పు ఉంది. తుపాకులు తల్లి ఇంట్లో ఉన్నాయి, కొడుకు వేరేచోట ఉంటున్నాడు. అయినా అవి కొడుకు స్వాధీనంలో ఉన్నట్టే అని కోర్టు తేల్చింది. హాల్ వర్సెస్ కాటన్ కేసులో ఇంకొకాయన తన షాట్‌గన్లను సర్టిఫికెట్ లేని స్నేహితుడి ఇంట్లో ఉంచాడు. స్నేహితుడి స్వాధీనంలోకి కూడా వచ్చినట్టే అంది కోర్టు. కాబట్టి సర్టిఫికెట్ లేని బావమరిది ఇంట్లో పెడితే ఒక సమస్య రెండవుతుంది.

చట్టబద్ధమైన దారులు రెండు. ఒకటి, రిజిస్టర్డ్ డీలర్ దగ్గర అప్పగించి రిజిస్టర్‌లో రాయించడం. దీనికి నెలవారీ అద్దె అడిగే డీలర్లు ఉంటారు. రెండోది, సర్టిఫికెట్ ఉన్న వ్యక్తికి పద్ధతి ప్రకారం బదిలీ చేయడం. అంటే ఇద్దరూ స్వయంగా ఉండాలి, వాళ్ల సర్టిఫికెట్‌లో నమోదు జరగాలి, 7 రోజుల్లోగా పోలీసులకు తెలియజేయాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ల మధ్య 72 గంటల లోపు అరువుకు ఈ తతంగం అక్కర్లేదు గానీ, గడువు దాటినవాడికి ఆ సౌకర్యం లేదు.

భార్యాభర్తలిద్దరికీ సర్టిఫికెట్లుండి, ఒకే తుపాకీ ఇద్దరి పేరా నమోదై ఉన్న ఇళ్లున్నాయి. భర్తది గడువు దాటితే తుపాకీ ఇంట్లోంచి కదలనక్కర్లేదు, భార్య సర్టిఫికెట్ మీద నిలుస్తుంది. కదలాల్సింది బీరువా తాళంచెవి. అది ఇకనుంచి ఆవిడ దగ్గరే ఉండాలి, ఎక్కడ పెట్టిందో ఆయనకు తెలియకూడదు.

ఇంత కఠినంగా ఉన్న చట్టమే సర్టిఫికెట్ లేని మనిషిని కాల్చనిస్తుంది కూడా. పోలీసుల ఆమోదం ఉన్న క్లే మైదానంలో, ఆమోదించిన వేళల్లో, అక్కడి తుపాకీతో ఎవరైనా కాల్చొచ్చు. ప్రైవేటు భూమిలో, ఆ భూమికి హక్కుదారుడో అతను రాతపూర్వకంగా అనుమతించినవాడో అయిన సర్టిఫికెట్ యజమాని తన తుపాకీ అరువిచ్చి పక్కనే ఉంటే, అక్కడా కాల్చొచ్చు. సొంత తుపాకీ ముట్టుకోలేని మనిషి పక్కవాడి తుపాకీతో కాల్చగలడు. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇందులో తర్కం ఉంది. చట్టం ఎక్కువ భయపడేది ఒంటరిగా, ఇంట్లో, ఎవరూ చూడని చోట ఉన్న తుపాకీ గురించి.

పోల్చి చూడటానికి, మన దేశంలో 1959 ఆయుధ చట్టం ఇంకోలా నడుస్తుంది. లైసెన్సు గడువు దాటి స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలని దాని 21వ సెక్షన్ చెబుతుంది. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్లలో డిపాజిట్ చేయించడం చూసిన మనకు ఆ మాట కొత్త కాదు. లైసెన్సు గడువు అక్కడ కూడా 2019 సవరణతో 3 ఏళ్ల నుంచి 5కు పెరిగింది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది

2021 ఆగస్టు 12న ప్లిమత్ నగరంలోని కీహమ్ ప్రాంతంలో ఒక యువకుడు షాట్‌గన్‌తో ఐదుగురిని చంపి తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయిన వాళ్లలో మూడేళ్ల పాప కూడా ఉంది. అతని దగ్గర వెనక్కి తీసుకున్న తుపాకీని, సర్టిఫికెట్‌ను పోలీసులు ఆ ముందు నెలలోనే తిరిగి ఇచ్చారు. 2023లో విచారణ జ్యూరీ పోలీసు లైసెన్సింగ్‌లో తీవ్ర లోపాలున్నాయని తేల్చింది. ఆలస్యాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంఘటనను పక్కన పెట్టి మాట్లాడటం నాకు సరికాదనిపిస్తుంది.

2021 నవంబరు నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. దరఖాస్తుదారుడి ఆరోగ్య వివరాలు డాక్టర్ నుంచి రాకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదు. రెన్యువల్‌కూ అంతే. మంచి నియమమే. కానీ ఆ డాక్టర్ లేఖ చేతికొచ్చేదాకా చాలామంది దరఖాస్తే పూర్తి చేయలేరు, 56 రోజుల గడియారం మాత్రం ఆగదు. కోవిడ్ కాలంలో పేరుకున్న ఫైళ్లు దీనికి తోడయ్యాయి. ఇంకో పాత కారణం కూడా ఉంది. 1990లలో సర్టిఫికెట్ గడువును 3 ఏళ్ల నుంచి 5కు పెంచినప్పుడు రెన్యువళ్లు కొన్ని సంవత్సరాల్లో గుట్టగా, కొన్నిట్లో పలచగా పడ్డాయి. ఆ ఎగుడుదిగుడు ఇన్నేళ్లూ ఒక ఐదేళ్ల చక్రంలా తిరుగుతూ వచ్చింది.

పర్మిట్లు విరివిగా ఇవ్వాలా, వద్దా?

షూటింగ్ సంఘాల వాదన ఇది: ఆలస్యం పోలీసులది, శిక్ష మాత్రం సకాలంలో దరఖాస్తు చేసిన వాళ్లకు పడుతోంది. పావురాల నుంచి పంట కాపాడుకునే రైతుకు, అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా సాగే నెమలికోళ్ల (ఫెజెంట్) వేట సీజన్‌లో పనిచేసే గేమ్‌కీపర్‌కు (వేటపక్షులను పెంచి చూసుకునే మనిషికి) తుపాకీ పనిముట్టు. పైగా 2025 ఫిబ్రవరి 5 నుంచి రెన్యువల్ ఫీజు 49 పౌండ్ల నుంచి 126 పౌండ్లకు పెరిగింది. అంత కట్టాక పని వేళకు జరగాలని అడగడం న్యాయమే. తుపాకీ నిన్నటిదాకా ప్రమాదం కానప్పుడు, తేదీ మారగానే ఎలా ప్రమాదం అవుతుంది అన్నది వాళ్ల ప్రశ్న.

రెండో వైపు వాదనలోనూ బరువుంది. రెన్యువల్ అంటే ముద్ర కొట్టడం కాదు, ఐదేళ్లలో మనిషి మారాడా అని చూడటం. మనసు కుంగిందా, ఇంట్లో గొడవలు ముదిరాయా, తాగుడు పెరిగిందా అన్నవి ఆ తనిఖీలోనే బయటపడతాయి. తనిఖీ పూర్తి కాకుండా పర్మిట్ ఇస్తే, చూడాల్సింది చూడకుండానే తుపాకీ ఆ ఇంట్లో ఉంచినట్టవుతుంది. అందుకే కొన్ని విభాగాలు పర్మిట్‌కు ముందు కూడా కనీస తనిఖీలు చేస్తాయి, దానికీ సమయం పడుతుంది. ఆ సమయం మళ్లీ రెన్యువల్ ఫైళ్లు చూడాల్సిన సిబ్బందిదే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 43 ప్రాంతీయ పోలీసు విభాగాలున్నాయి. ఒకచోట అడగకుండానే పర్మిట్ ఇంటికొస్తే, పక్క కౌంటీలో తుపాకులు డీలర్‌కు అప్పగించమంటారు. ఇద్దరికీ వర్తించేది ఒకే చట్టం. నా మటుకు నాకు, ఏ వాదనా సమర్థించలేనిది ఈ తేడానే. పర్మిట్ ఇవ్వాలా వద్దా అన్నది మనిషిని బట్టి మారితే అర్థం చేసుకోవచ్చు, పిన్‌కోడ్‌ను బట్టి మారితే ఎలా?

అన్నకు కొత్త సర్టిఫికెట్ అక్టోబరు రెండో వారంలో వచ్చింది. పర్మిట్ గడువు ఇంకా పది రోజులుంది. ఆ శనివారం మైదానానికి కాకుండా నేరుగా డీలర్ షాపుకు వెళ్లాం. డీలర్ ఆ ఇటాలియన్ తుపాకీ నంబర్ చూసి సర్టిఫికెట్ వెనక గడిలో రాశాడు. అన్న పోలీసులకు పంపాల్సిన సమాచారం కౌంటర్ దగ్గర నిలబడే ఫోన్లో నింపి పంపేశాడు. 7 రోజుల టైముందని నేనంటే, "ఇంక తేదీలు లెక్కపెట్టే ఓపిక లేదురా" అన్నాడు.